సముద్రం ఒడ్డున కూర్చుండిపోయిన వానరులు: క్యాన్సర్ చికిత్స పూర్తయిన వారికి జాంబవంతుడి మాట

జై శ్రీరామ్. జై హనుమాన్.

ఈ వారం వీడియోలో కిష్కింధాకాండ చివరి ఘట్టం చెప్పుకున్నాం కదా. అంత తక్కువ సమయంలో చెప్పడం కుదరక ఒక మాట మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. మీ ఇంట్లో గానీ, మీ చుట్టాల్లో గానీ క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకుని ఇంటికొచ్చిన వాళ్లు ఉంటే చివరిదాకా చదవండి. కళ్లజోడు లేకుండా చదవలేని పెద్దవాళ్లకు మీరే చదివి వినిపించండి.

ముందే ఒక మాట చెప్పాలి. నేను పండితుణ్ణి కాను, డాక్టర్ని అంతకన్నా కాను. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. పెద్దల దగ్గర విన్న రామాయణం, డాక్టర్లు ప్రచురించిన పరిశోధనలు, మా ఇంట్లో నేను చూసింది, ఈ మూడూ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ఆ సన్నివేశం ఒకసారి గుర్తు చేసుకుందాం. సీతమ్మను వెతకడానికి దక్షిణ దిక్కుకు వెళ్లిన వానరులకు అంగదుడు నాయకుడు. హనుమంతుడు, జాంబవంతుడు ఆ గుంపులోనే ఉన్నారు. సుగ్రీవుడు పెట్టిన గడువు ఒక నెల. అడవులు, కొండలు, గుహలు అన్నీ వెతికారు. స్వయంప్రభ గుహలో నుంచి బయటపడేసరికి గడువు దాటిపోయింది. ఎదురుగా చూస్తే సముద్రం. సీతమ్మ జాడ లేదు. వెనక్కి వెళ్తే సుగ్రీవుడు ఏం శిక్ష వేస్తాడో తెలియదు. అప్పుడు అంగదుడు ప్రాయోపవేశం చేస్తానన్నాడు. అంటే ఏమిటి? అన్నం, నీళ్లు మానేసి, దర్భలు పరుచుకుని, ప్రాణం పోయేదాకా కూర్చోవడం. అది విని మిగతా వానరులంతా కన్నీళ్లు పెట్టుకుని అతని చుట్టూ కూర్చున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అలిసిపోయి ఉండొచ్చు గానీ వాళ్ల బలం ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కొద్ది కాలానికే సముద్రం మీద వారధి కట్టింది ఈ వానరులే కదా! మరి ఆ ఒడ్డున వాళ్లను కూర్చోబెట్టింది ఏది? భయం. ముందు ఏముందో తెలియని భయం.

ఇదే భయం మన ఇళ్లలోకి కూడా వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలుసా? చికిత్స జరుగుతున్నప్పుడు కాదు, అది అయిపోయాక. చికిత్స నడుస్తున్నంతకాలం ఒక లెక్క ఉంటుంది. ఈ తారీఖున కీమో, ఆ తారీఖున రక్తపరీక్ష, ఇన్ని రోజులు రేడియేషన్. మన హైదరాబాద్‌లోనే చూడండి. రెడ్ హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రికి జిల్లాల నుంచి ఎంతమంది ఫైళ్లు పట్టుకుని వస్తారో! ఆ ఫైలే వాళ్లకు దారి చూపిస్తుంది. చివరి సిట్టింగ్ అయ్యాక "ఇక ఆరు నెలల తర్వాత రండి" అంటారు. అందరూ స్వీట్లు పంచుతారు. మర్నాటి నుంచి ఆ ఫైలు బీరువాలోకి పోతుంది, మనిషి కుర్చీలోకి పోతుంది.

మా ఇల్లు సంతోష్‌నగర్‌లో. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకోసారి చెకప్. చికిత్స అయిన కొత్తలో మా ఇంట్లో అమ్మ చెవిన పడే మాట ఒక్కటే, "నువ్వు కూసో." నీళ్ల గ్లాసు కోసం లేస్తే నాన్న, "నువ్వు కూసో, నేను తెస్త గద." గిన్నె పట్టుకుంటే చిన్నమ్మ, "అక్కా, నువ్వు కూసో, నేను తోముత." పక్క గల్లీ నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ కూడా అదే మాట. అందరికీ ప్రేమే. ఆ ప్రేమలో తప్పు వెతకడానికి లేదు. కానీ ఒక రోజు అమ్మ నాన్నను సూటిగా అడిగింది. "నా రోగం పోయిందా, ఉన్నదా? పోతే నన్ను పని చెయ్యనియ్యరేంది?"

నాన్న దగ్గర జవాబు లేదు. ఆయన మనసులో ఉన్నది ఒకే మాట. "ఏమన్నా అయితే?"

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, బాగున్నాయని చెప్పి, ఒక ప్రశ్న వేశారు. "రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారమ్మా?" ఆ ప్రశ్న అంతకు ముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాత్ర వేసుకుంటున్నారా, తింటున్నారా, నిద్ర పడుతోందా అని అడుగుతారు గానీ, కూర్చోవడం గురించి ఎవరు అడుగుతారు? నాన్న వేళ్ల మీద లెక్కపెట్టారు. టిఫిన్ అయ్యాక కుర్చీ, మధ్యాహ్నం సోఫా, సాయంత్రం నుంచి రాత్రి దాకా సీరియళ్లు. నిద్ర కాకుండా పది గంటలు వచ్చింది.

డాక్టరమ్మ అలా ఎందుకు అడిగారో తర్వాత వెతికి చదివాను. 2022 జనవరిలో జామా ఆంకాలజీ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో క్యాన్సర్ వచ్చి బతికి ఉన్న 1,535 మందిని, అందరూ 40 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లు, రోజుకు ఎంతసేపు కూర్చుంటారు, ఎంత వ్యాయామం చేస్తారు అని అడిగి రాసుకున్నారు. ఆ వివరాలు 2007 నుంచి 2014 మధ్య సేకరించినవి. తర్వాత తొమ్మిదేళ్ల వరకు వాళ్లలో ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని చూశారు. సగానికి పైగా జనం తీరిక వేళల్లో ఏ వ్యాయామమూ చేయనివాళ్లే. నలుగురిలో ఒకరు రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవాళ్లు. రోజుకు 4 గంటల కన్నా తక్కువ కూర్చుంటూ, వారానికి సరిపడా వ్యాయామం చేసేవాళ్లతో పోలిస్తే, 8 గంటలకు మించి కూర్చుంటూ సరిపడా కదలని వాళ్లలో మరణ ప్రమాదం సుమారు ఐదు రెట్లు కనిపించింది.

ఐదు రెట్లు అనగానే కంగారు పడకండి. దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒంట్లో బాగోలేని వాళ్లు ఎలాగూ ఎక్కువ కూర్చుంటారు. కాబట్టి కూర్చోవడం వల్లే అంతా జరిగిందని ఆ ఒక్క లెక్కతో చెప్పలేం. పరిశోధకులు వయసు, ఇతర జబ్బులు వంటివి లెక్కలోకి తీసుకున్నారు గానీ, ఇలాంటి పరిశోధనకు ఆ హద్దు ఎప్పుడూ ఉంటుంది.

అందుకే రెండో పరిశోధన ముఖ్యం. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తి చేసుకున్న 889 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చారు. రెండో గుంపుకు పుస్తకంతో పాటు మూడేళ్ల పాటు వ్యాయామం చేయించే మనిషిని తోడిచ్చారు. పరుగు పందేలేం కావు. చాలామంది చేసింది వేగంగా నడవడమే. ఎనిమిదేళ్ల దగ్గర లెక్క చూస్తే, వ్యాయామం గుంపులో వందకు 90 మంది, రెండో గుంపులో వందకు 83 మంది జీవించి ఉన్నారు. జబ్బు తిరగబెట్టడం కూడా వ్యాయామం గుంపులో తక్కువ. ఒళ్లు నొప్పులు, బెణుకులు మాత్రం వాళ్లలో కొంచెం ఎక్కువ వచ్చాయి. అది కూడా చెప్పాలి కదా.

వందకు ఏడుగురు! ఏడు ఇళ్లలో దీపం పెట్టే మనిషి ఉన్నట్టు. ఆ పరిశోధన పెద్దపేగు క్యాన్సర్ వాళ్ల మీద జరిగింది. అన్ని క్యాన్సర్లకూ అదే అంకె వేసుకోకూడదు. కానీ దారి ఎటు ఉందో తెలుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో ఇచ్చిన సూచనల్లో, క్యాన్సర్ నుంచి బయటపడిన వాళ్లు చేతనైనంత కదలాలి, కూర్చునే సమయం తగ్గించుకోవాలి అని ప్రత్యేకంగా చెప్పింది.

ఎందుకిలా? శరీరంలో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉంటాయి. లేచి నిలబడితే, నడిస్తే అవి రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. గంటల తరబడి కూర్చుంటే వాటికి పని ఉండదు, చక్కెర, ఇన్సులిన్ లెక్క తప్పుతాయి. పిక్కలు కదిలినప్పుడే కాళ్లలోని రక్తం పైకి బాగా ఎక్కుతుంది. ఎముకల మీద బరువు పడితేనే అవి గట్టిగా ఉంటాయి. మామూలు మనిషికే ఇది అవసరం. ఇక కొన్ని కీమో మందులు గుండె మీద భారం వేస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కొన్ని హార్మోన్ మాత్రలు ఎముకలను పలచబరుస్తాయి. అలాంటి శరీరానికి కదలిక ఇంకా ఎక్కువ అవసరం. మరో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. చికిత్స తర్వాత నెలల తరబడి వేధించే నీరసం ఉంటుంది కదా, పడుకుంటే పోని నీరసం, అది తగ్గడానికి డాక్టర్లు సూచించే వాటిలో తేలికపాటి వ్యాయామం ముందుంటుంది.

భగవద్గీత మూడో అధ్యాయంలో కృష్ణపరమాత్మ అర్జునుడితో ఏమంటాడు? పని మానేసి కూర్చుంటే నీ శరీరం నడవడం కూడా కుదరదు అంటాడు. శరీరయాత్ర అనే మాట వాడతాడు స్వామి. చూడండి, శరీరం పోషణకు కూడా యాత్ర అని పేరు పెట్టారు మన పెద్దలు. యాత్ర అంటే సాగాల్సిందే.

"సరే బాబూ, మాకు ఓపిక ఉంటే నడవమా? మేం నడవలేం" అని చదువుతున్న అమ్మలు అనుకుంటూ ఉంటారు. మీ కోసమే ఇప్పుడు రామాయణంలో మిగిలిన భాగం.

ప్రాయోపవేశానికి కూర్చున్న వానరులను లేపింది ఎవరు? సంపాతి. జటాయువు అన్నగారు. తమ్ముణ్ణి సూర్యుడి వేడి నుంచి కాపాడబోయి రెక్కలు కాల్చుకుని, కొండ మీద పడి ఉన్న ముసలి పక్షి. కొడుకు తెచ్చి పెడితే తినాలి. ఎగరలేడు. కానీ తమ్ముడి పేరు చెవిన పడగానే ఆయన ఏం చేశాడు? నన్ను కిందికి దించండి నాయనా అని వానరులను అడిగాడు. అంగదుడు దించాడు. తర్వాత తమ్ముడికి జలతర్పణం చేయాలి, సముద్రం దగ్గరికి తీసుకెళ్లండి అని అడిగాడు. తీసుకెళ్లారు. ఆయన సొంతంగా కదలలేడు, అయినా సాయం అడిగి కదిలాడు. ఆ కదిలినాయన చూపు నుంచే సీతమ్మ జాడ తెలిసింది. ఆ కథ చెబుతుండగానే ఆయనకు కొత్త రెక్కలు వచ్చాయి. మనకు రెక్కలు వస్తాయని నేను చెప్పను. కానీ సాయం అడిగి లేవడంలో చిన్నతనం ఏమీ లేదని సంపాతి చెబుతున్నాడు. గోడ పట్టుకుని లేవండి. మనవడి భుజం పట్టుకుని లేవండి. కుర్చీలోంచి లేవలేని రోజున కూర్చునే కాళ్లు చాపి, ముడిచి, మడమలు ఎత్తి దించండి.

ఆ తర్వాత సముద్రం దాటేది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు ఒక్కొక్కరూ తమ లెక్క చెప్పారు. గజుడు పది యోజనాలు అన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. ద్వివిదుడు డెబ్బై, సుషేణుడు ఎనభై. జాంబవంతుడు, వయసులో ఉన్నప్పుడు నా బలం వేరు, ఇప్పుడు తొంభై అన్నాడు. నూరు యోజనాల సముద్రం ముందు పది యోజనాలు ఎంత? అయినా గజుణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. నీ పది ఎందుకు పనికొస్తుందని ఎవరూ అనలేదు. సభలో తన పది తాను చెప్పుకున్నాడు.

మీ పది మీరు చెప్పుకోండి. నిన్నటిదాకా మంచం దిగని మనిషికి గుమ్మం దాకా రావడమే పది యోజనాలు. ఇంకొకరికి వీధి చివరి దాకా. మరొకరికి అరగంట నడక. పక్కింటావిడ ఎంత నడుస్తుందో చూసి మన లెక్క వేసుకోవద్దు. మన లెక్క నిన్నటి మనతోనే.

ఇంతలో హనుమంతుడు ఏం చేస్తున్నాడు? ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. అంతటి బలవంతుడు! జాంబవంతుడు ఆయన దగ్గరికి వెళ్లి, ఎందుకిలా ఊరుకున్నావు నాయనా అని అడిగి, ఆయన పుట్టుక, బాల్యం, బలం అన్నీ గుర్తు చేశాడు. తిట్టలేదు, సిగ్గుపడేలా మాట్లాడలేదు. నువ్వు ఎవరో గుర్తు తెచ్చుకో అన్నాడు. అప్పుడు స్వామి లేచాడు, పెరిగాడు. సుందరకాండ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంట్లో వాళ్లకు ఇదే నా విన్నపం. మీరు జాంబవంతుడు అవ్వండి. "నువ్వు కూసో" అనే మాట పక్కన పెట్టి, ఆ మనిషికి ఆమె ఎవరో గుర్తు చేయండి. మా ఇంట్లో అది చాలా చిన్న పనితో మొదలైంది. పూజగది తుడిచి ముగ్గు పెట్టే పని అమ్మ తిరిగి తీసుకుంది. "ఇది నాది. దీంట్ల ఎవ్వరు రావద్దు" అంది. ఆపరేషన్ జరిగిన వైపు చేత్తో ఎంత బరువు ఎత్తొచ్చో, ఆ చెయ్యి ఎలా కదపాలో డాక్టరమ్మను అడిగి రాసుకున్నాం. నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండేవారు, పడిపోతుందేమో అని. ఆమె పడలేదు. నాలుగో రోజుకు నాన్న పేపర్ చదువుకోవడం మొదలుపెట్టారు.

తర్వాత నడక. మా పక్కింటి ఖాలా సాయంత్రం నమాజు అయ్యాక గేటు దగ్గరికి వచ్చి "చలో బహెన్, ఏక్ చక్కర్" అని పిలుస్తుంది. ఇద్దరూ గల్లీ చివరి దాకా వెళ్లి వస్తారు. మొదట్లో ఒక చక్కరే. మధ్యలో కిరాణా కొట్టు అరుగు మీద ఆగి ఊపిరి తీసుకునేవాళ్లు. ఇప్పుడు ఐ.ఎస్. సదన్ చౌరస్తా వైపు వెళ్లి కూరగాయలు తెచ్చుకునే దాకా వచ్చింది. పాతబస్తీలో ఒక మనిషిని కుర్చీలోంచి లేపడానికి ఏ దేవుడి పేరు తలుచుకునే చెయ్యి అయినా పనికొస్తుంది.

శనివారం మాత్రం కర్మన్‌ఘాట్. మా దగ్గర నుంచి చంపాపేట మీదుగా ఆటోలో వెళ్తే దగ్గరే. ఆ స్వామి గురించి మీలో చాలామందికి తెలుసు. కాకతీయ ప్రతాపరుద్రుడు వేటకు వచ్చి, అలిసిపోయి చెట్టు కింద కూర్చుంటే పులి గాండ్రింపు వినిపించిందని, లేచి వెతుకుతూ వెళ్తే పొదల్లో రామనామం వినిపించి, ధ్యానంలో కూర్చున్న ఆంజనేయుడి విగ్రహం కనిపించిందని స్థలపురాణం. అమ్మ అక్కడ మొదటి శనివారం ఒక్క ప్రదక్షిణ చేసి మెట్టు మీద కూర్చుంది. తర్వాత మూడు. చాలా నెలలకు పదకొండు. ఇప్పటికీ బాగోలేని రోజున ఒకటే చేసి దండం పెట్టుకుంటుంది. స్వామి ఎన్ని తిరిగావని లెక్క అడగడు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. కర్మన్‌ఘాట్ స్వామి ధ్యానాంజనేయుడు కదా, ఆయనే కూర్చుని ఉన్నాడు కదా, మరి కూర్చోవడం తప్పని ఎలా అంటావు? మంచి ప్రశ్న. కూర్చోవడం తప్పని నేను అనను. గీత ఆరో అధ్యాయంలో స్వామి మితం గురించి చెప్పాడు. తిండి, నిద్ర, పని, తిరుగుడు అన్నీ తగినంత ఉండాలి, అతిగా తినేవాడికీ యోగం లేదు, అసలు తిననివాడికీ లేదు, అతిగా నిద్రపోయేవాడికీ లేదు, అసలు పడుకోనివాడికీ లేదు అన్నాడు. జపానికి అరగంట కూర్చోండి. భోజనం చేసి కూర్చోండి. కీమో రోజుల్లో, జ్వరం ఉన్న రోజుల్లో హాయిగా పడుకోండి. అది విశ్రాంతి. విశ్రాంతికి ఒక ముగింపు ఉంటుంది, దాని తర్వాత లేస్తాం. ధ్యానంలో కూర్చున్న హనుమ రాముడు పిలిస్తే లేచే హనుమ. పొద్దున కూర్చుని రాత్రి లేచే కూర్చోవడానికి, దానికి పోలిక లేదు.

నా ఉద్యోగమే కూర్చునే ఉద్యోగం కాబట్టి మా భాషలో ఒక ఉదాహరణ చెబుతాను. పెద్ద కంపెనీల్లో వందల సర్వర్లు ఉంటాయి. ప్రతి సర్వర్ కొన్ని క్షణాలకోసారి "నేను ఉన్నాను" అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. దాన్ని హార్ట్‌బీట్ అంటారు. పెద్ద పనేం కాదు, చిన్న సంకేతం, కానీ ఆగకుండా రావాలి. మీరు ప్రతి అరగంటకోసారి లేచి నిలబడి నాలుగు అడుగులు వేయడం అలాంటిది. ఉదయం ఒక గంట నడిచేసి ఇక సాయంత్రం దాకా కదలకపోతే సరిపోదు. నడక నడకే, మధ్య మధ్య లేవడం లేవడమే. రెండూ కావాలి.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. జబ్బు వచ్చిన వాళ్ల దగ్గర కూర్చుని "పూర్వజన్మ కర్మ" అనేవాళ్లు ఉంటారు. ఈ పోస్ట్ చదివి "నువ్వు కదలకుండా కూర్చున్నావు, అందుకే వచ్చింది" అనేవాళ్లు కూడా ఉంటారేమో. దయచేసి ఆ రెండు మాటలూ అనకండి. రోజూ పొలం పని చేసినవాళ్లకూ క్యాన్సర్ వస్తుంది. బాగా నడిచినవాళ్లకూ తిరగబెడుతుంది. వ్యాయామం చేసిన గుంపులోనూ వందకు పదిమంది ఎనిమిదేళ్లు చూడలేదు. వాళ్ల ప్రయత్నంలో లోపం ఉందా? లేదు. ఫలం మన చేతిలో లేదని స్వామి చెప్పింది ఇలాంటి చోట ఓదార్పు కోసమే. మన చేతిలో ఉన్నది లేవడం. దాని తర్వాతిది ఆయన చేతిలో ఉంది.

అలాగే ప్రదక్షిణ మందుకు బదులు కాదు. మాత్ర మాత్రే, చెకప్ చెకప్పే. మొక్కు ఉంది కదా అని స్కాన్ వాయిదా వేయకండి. ఎముకలకు జబ్బు పాకిన వాళ్లు, రక్తకణాలు బాగా తగ్గినవాళ్లు, అరికాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తెలియని వాళ్లు, చెయ్యి లేక కాలు వాచినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా మీ డాక్టర్‌ని అడిగి, ఎంత, ఎలా అని తెలుసుకుని మొదలుపెట్టండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరి అందకపోవడం ఉంటే ఆగిపోయి డాక్టర్‌కి చెప్పండి. గుడిలో రాతి నేల తడిగా ఉంటే ప్రదక్షిణ వద్దు, నిలబడి నమస్కారం చాలు.

చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి దాకా మన తెలంగాణలో ఎంతోమంది హనుమాన్ దీక్ష తీసుకుంటారు. 41 రోజులు. కొండగట్టుకు మాల వేసుకుని వెళ్లేవాళ్లను చూసే ఉంటారు. మాల వేసుకోలేని మన అమ్మలకు, నాన్నలకు నేనొక చిన్న దీక్ష చెబుతాను. ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. డాక్టర్ సరే అన్నాక, 41 రోజులు ఇలా చేయండి.

మొదటి వారం, మెలకువగా ఉన్నంతసేపు అరగంటకోసారి లేచి నిలబడండి. ఒకసారి రామ అనుకుని, నాలుగు అడుగులు వేసి కూర్చోండి. అంతే. రెండో వారం నుంచి పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు నడక కలపండి. ఇంట్లో తులసికోట చుట్టూ అయినా సరే, మేడ మీద అయినా సరే. ఒంటికి బాగుంటే వారానికి రెండేసి నిమిషాలు పెంచండి, బాగోకపోతే తగ్గించండి, మానేయకండి. సీరియల్ చూడొద్దని నేను చెప్పను, చెబితే మీరు ఈ ఛానల్ చూడటం మానేస్తారు! ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవండి చాలు. ఇంట్లో ఒక పని మీ పేరు మీద పెట్టుకోండి. దీపం, ముగ్గు, మొక్కలకు నీళ్లు, ఏదో ఒకటి. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వకండి. క్యాలెండర్ మీద రోజూ ఒక గీత గీయండి. ఒక రోజు తప్పితే దీక్ష భంగం అయిందని బాధపడకండి. మర్నాడు గీయండి.

ఇంట్లో వాళ్లు ఆ 41 రోజులు ఒక నియమం పాటించండి. "కూర్చో" అనే ముందు "నేనూ వస్తా, పద" అనండి. మా నాన్న ఇప్పుడు అదే అంటున్నారు. "ఏమన్నా అయితే" అనే భయం ఆయనకు ఇంకా పోలేదు. ప్రతి ఆరు నెలలకూ చెకప్ ముందు రోజు రాత్రి మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. అది ఉంటుంది. సముద్రం దాటడానికి లేచిన హనుమకు కూడా దారిలో సురస ఉంది, సింహిక ఉంది. కానీ ఆ భయం ఉండగానే సాయంత్రం చెప్పులు వేసుకుంటాం.

మీరు ఈ దీక్ష మొదలుపెడితే మీ పది యోజనాలు ఎంతో మాకు రాయండి. గుమ్మం దాకా అని రాసినా చాలు. ఈ శనివారం కర్మన్‌ఘాట్ స్వామి దగ్గర మీ అందరి గోత్రనామాలు తలుచుకుని అమ్మ ఒక ప్రదక్షిణ చేస్తానంది.

చికిత్స పూర్తి చేసుకున్న ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ ఆంజనేయస్వామి కాళ్లలో సత్తువ, మనసులో ధైర్యం ఇవ్వాలని, ప్రతి ఇంట్లో ఒక జాంబవంతుడు ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. ఇంతసేపు కూర్చుని చదివారు కదా, ఇక లేవండి.

శుభం భూయాత్. జై శ్రీరామ్. జై హనుమాన్.